క్యాంపస్ ఈవెంట్‌లో భోజనం, మద్యం, భద్రత: గడియారం చుట్టూ ప్లాన్ చేసుకోండి

యూనివర్సిటీ ఈవెంట్‌లు దారి తప్పడానికి తరచుగా కనిపించే కారణం ఒకటుంది: కార్యక్రమం ఆలస్యం కావడం. సాయంత్రం 6 గంటలకు సభ, 7 గంటలకు భోజనం అని కార్డులో వేశారనుకుందాం. క్యాటరింగ్ వ్యాన్ 5 గంటలకే వచ్చి గిన్నెలు దించేసింది. ఉపన్యాసాలు సాగి సాగి 8.15కి ముగిశాయి. బార్ కౌంటర్ మాత్రం చెప్పిన టైముకే, 6.30కే తెరుచుకుంది. ఈలోగా వంటకాలు మూడు గంటలకు పైగా గోరువెచ్చగా పడి ఉన్నాయి. అతిథులు ఖాళీ కడుపుతో రెండేసి గ్లాసులు తాగేశారు. భోజనం అనగానే నాలుగు వందల మంది ఒకే బల్ల మీదికి ఎగబడ్డారు. హాలు మూసే టైము మాత్రం మారలేదు కాబట్టి తాగినవాళ్లూ, ఇంకా తిననివాళ్లూ ఒక్కసారిగా ఒకే గుమ్మంలోంచి బయటపడాల్సి వచ్చింది. వంటవాళ్లు, బార్ వాళ్లు, గేటు దగ్గర వాలంటీర్లు ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. మూడు పనుల గడియారాన్నీ కలిపి చూసినవాళ్లే లేరు.

కాబట్టి భోజనానికి ఒక ప్లాన్, మద్యానికి ఒక ప్లాన్, భద్రతకు మరో ప్లాన్ అని విడివిడిగా రాయకండి. ఒకే కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, పావుగంటకో గుర్తు పెట్టి, మూడింటినీ దాని మీదే రాయండి. కింద చెప్పినవన్నీ ఆ గీత మీదికి రావాల్సిన విషయాలే.

ఆపమని చెప్పే అధికారం ఎవరిది?

ముందుగా రాయాల్సింది ఒక పేరు. బార్ మూయమని, ఈ గిన్నె పారేయమని, పాట ఆపమని ఆ రాత్రి చెప్పగలిగే మనిషి పేరు. ఆ మనిషి ఆ రోజు మద్యం ముట్టకూడదు. వేదిక మీద వేరే పని ఉండకూడదు. ఆయన మాట కాదనే హక్కు స్పాన్సర్‌కి గానీ, ముఖ్య అతిథిని తెచ్చిన విభాగానికి గానీ ఉండదని ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. విద్యార్థి సంఘం నుంచి ఒకరిని, యూనివర్సిటీ ఉద్యోగుల్లోంచి ఒకరిని ఈ పనికి జంటగా పెట్టడం మంచిది. విద్యార్థికి జనం తెలుసు, ఉద్యోగి మాటకు సెక్యూరిటీ కదులుతుంది.

అనుమతుల పని ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే మొదలుపెట్టండి. యూనివర్సిటీ అనుమతి, స్థలం బుకింగ్, ఫైర్ అనుమతి, ఆహార లైసెన్సు, మద్యం పర్మిట్ ఇవన్నీ వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి, పైగా ఒకటి వస్తే గానీ రెండోది కదలదు. మద్యం పర్మిట్‌లో రాసిన చోటు, గంటలు, పేరు మీ ప్లాన్‌తో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. పర్మిట్ హాలుకి తీసుకుని లాన్‌లో పోస్తే అది అనుమతి లేని అమ్మకం కిందే లెక్క.

రిస్క్ అంచనా పత్రం నింపేటప్పుడు ప్రతి ప్రమాదానికీ జరిగే అవకాశం 1 నుంచి 5, జరిగితే నష్టం 1 నుంచి 5 వేసి రెండూ గుణించడం మామూలు పద్ధతి. 15 గానీ అంతకు మించి గానీ వచ్చినదాన్ని తగ్గించే ఏర్పాటు చేయకుండా ఈవెంట్ జరపకూడదు. 8 నుంచి 14 మధ్య వచ్చినదానికి ఎదురుగా ఒక మనిషి పేరు, ఒక టైము ఉండాలి. అంకెల కంటే వాక్యం ముఖ్యం. ‘ఫుడ్ పాయిజనింగ్’ అని రాసి పక్కన 10 వేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘ఉపన్యాసాలు 40 నిమిషాలు ఆలస్యమైతే మాంసం కూర 60 డిగ్రీల కంటే చల్లారిపోతుంది’ అని రాస్తే ఏం చేయాలో ఆ వాక్యమే చెబుతుంది: వంటకాలు బయల్దేరే ముందు వేదిక నుంచి ఫోన్ వెళ్లాలి.

బీమా విషయంలో ఒక్క మాట. క్యాటరర్ దగ్గరా, బార్ నడిపే సంస్థ దగ్గరా బాధ్యత బీమా (వాళ్ల వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే బీమా) పత్రం అడిగి తీసుకోండి. తేదీ, మొత్తం చూసి ఊరుకోకుండా, మద్యం వల్ల జరిగే నష్టాన్ని మినహాయించారా అన్నది చదవండి. చాలా పాలసీల్లో ఆ మినహాయింపు ఉంటుంది.

హాల్లో ఎంతమంది పడతారు, ఎంతసేపట్లో బయటపడతారు

20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న హాలు 300 చదరపు మీటర్లు. వేదిక, బఫే బల్లలు, బార్, వాటి వెనక పనివాళ్లు తిరిగే చోటు తీసేస్తే 210 మిగిలిందనుకుందాం. నిలబడి కార్యక్రమం చూసే జనానికి మనిషికి అర చదరపు మీటరు చొప్పున వేస్తే 420 మంది. కానీ చేతిలో పళ్లెం, గ్లాసు ఉన్న మనిషికి కనీసం ఒక చదరపు మీటరు కావాలి. అంటే భోజనం వేళకు అదే హాలు 210 మందికే సరిపోతుంది. రెండు లెక్కల్లో చిన్నదాన్నే టికెట్ల సంఖ్యగా పెట్టుకోండి. ఫైర్ శాఖ ఇచ్చిన సంఖ్య అంతకంటే చిన్నదైతే అదే అంతిమం. వేదిక ముందు చదరపు మీటరుకు నలుగురు దాటుతున్నట్టు కనిపిస్తే లోపలికి పంపడం ఆపేయాలి. ఐదుగురు దాటాక మనుషులు తమ ఇష్టప్రకారం కదలలేరు, ఒకరు పడితే చుట్టూ ఉన్నవాళ్లు లేపలేరు.

బయటికి వెళ్లే దారి లెక్క ఇంకా సులువు. సమతలం మీద మీటరు వెడల్పు దారిలో నిమిషానికి సుమారు 82 మంది, మెట్ల మీద 66 మంది వెళ్లగలరని స్టేడియం భద్రతలో వాడే లెక్క. 1.2 మీటర్ల గుమ్మం అయితే నిమిషానికి 98 మంది. అలాంటివి రెండున్నా, మంట అంటుకున్న వైపు గుమ్మం పనికిరాదనే అనుకుని ఒక్కదానితోనే లెక్క వేయండి. 400 మందికి నాలుగు నిమిషాలు పైగా పడుతుంది. ఇది ఎక్కువ. జనాన్నైనా తగ్గించాలి, మూడో దారైనా తెరవాలి. అమెరికాలో ఎక్కువగా వాడే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ అనే భవన నిబంధనల ప్రకారం 500 మంది దాటితే మూడు దారులు, 1000 దాటితే నాలుగు ఉండాలి. టికెట్ లేనివాళ్లు వస్తారన్న భయంతో పక్క గుమ్మానికి తాళం వేయడం క్యాంపస్‌లలో బాగా కనిపించే తప్పు. తాళం బదులు మనిషిని నిలబెట్టండి.

బఫే వరుస కూడా దారే. వరుస చివర నుంచి 15 సెకన్లకొకరు పళ్లెంతో బయటికి వస్తారనుకుంటే నిమిషానికి నలుగురు. 300 మందికి ఒకే వరుస పెడితే 75 నిమిషాలు. రెండు బల్లలు పెట్టి రెండు వైపులా నడిపితే నాలుగు వరుసలు, 19 నిమిషాలు. బల్లను గోడకు ఆనించకుండా ఉంటే చాలు, పైసా ఖర్చు లేకుండా వరుసలు రెట్టింపవుతాయి. బార్‌ని బఫేకి ఎదురు మూలన పెట్టండి. రెండు వరుసలూ కలిసిపోతే అక్కడే తోపులాట మొదలవుతుంది.

మంట, కరెంటు సంగతి. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది. లీకైతే నేలమీద పాకి కాలువల్లో, సెల్లార్‌లో చేరుతుంది. సిలిండర్లు ఆరుబయట నిలువుగా, డ్రైనేజీ మూతలకు దూరంగా ఉండాలి. లీకు పరీక్ష సబ్బు నీళ్లతోనే చేయాలి. నూనె మూకుడు ఉన్న చోట వెట్ కెమికల్ రకం (వంటనూనె మంటల కోసం చేసిన) ఆర్పే సిలిండర్, ఫైర్ బ్లాంకెట్ ఉండాలి. కాగే నూనెపై నీళ్లు పోస్తే ఆవిరితో నూనె ఎగిరి మంట పైకప్పుదాకా లేస్తుంది. 230 వోల్టుల దగ్గర 3 కిలోవాట్ల వేడినీటి పాత్ర 13 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల లైను మీద అలాంటివి రెండు పెడితే బ్రేకర్ పడిపోతుంది, లేదా పాత వైరు కాలుతుంది. బార్ ఫ్రిజ్, సౌండ్ సిస్టమ్ కూడా ఆ లైనుకే తగిలిస్తారు కాబట్టి ఏ ప్లగ్‌లో ఏది పెట్టాలో బొమ్మ గీసి అతికించండి. జనరేటర్ పొగ గొట్టం ఏ తలుపుకైనా, కిటికీకైనా కనీసం 6 మీటర్ల దూరంలో, వాటి వైపు కాకుండా అవతలికి తిరిగి ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. బొగ్గుల పొయ్యిని టెంట్ లోపల పెట్టకూడదన్నదీ అందుకే.

తిండి: వేడి పోయిన క్షణం నుంచి లెక్క

బ్యాక్టీరియా హాయిగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. చల్లనివి 5 కంటే తక్కువలో, వేడివి 60 పైన ఉంచాలి. ఈ మధ్యలో వంటకం గడిపిన ప్రతి నిమిషాన్నీ కలుపుకుంటూ పోవాలి: వ్యాన్‌లో గడిపిన అరగంట, వరండాలో ఎదురుచూసిన నలభై నిమిషాలు, బల్లమీద ఉన్న గంట, అన్నీ. మొత్తం రెండు గంటల్లోపైతే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. రెండు నుంచి నాలుగు గంటలైతే వెంటనే తినేయాలి, దాచకూడదు. నాలుగు దాటితే పారేయాలి. ఆరుబయట 32 డిగ్రీలు దాటిన వేడి ఉంటే దాచడం అన్న మాటే వద్దు, గంట దాటితే తీసేయండి.

ఇక్కడ బాగా దెబ్బతీసేది చేఫింగ్ డిష్ (బఫేలో వేడినీళ్ల అడుగు పాత్ర మీద పెట్టే వడ్డన పాత్ర) మీద ఉన్న నమ్మకం. కింద చిన్న మంట ఉంటుంది కాబట్టి అది వంటకాన్ని వేడి చేస్తుందని అనుకుంటారు. అది వేడిని నిలబెట్టగలదు, అంతే. 50 డిగ్రీలకు పడిపోయిన కూరను అందులో పోస్తే గంట తర్వాత కూడా అది 50 దగ్గరే ఉంటుంది. అందుకని 75 డిగ్రీలకు కాచిన కూర, అడుగు పాత్రలో మరిగిన నీళ్లు, పైన మూత ఈ మూడూ ఉంటేనే ప్రయోజనం. గుండిగ మొత్తం ఒకేసారి బల్ల మీదికి తేకుండా 30 నుంచి 40 మందికి సరిపడా చిన్న పాత్రల్లో తెచ్చి, అయిపోగానే కొత్త పాత్ర పెట్టండి. పాత పాత్రలో మిగిలిన దాని మీద కొత్తది ఒంపడం మాత్రం వద్దు. అలా ఒంపితే ఆ పాత్ర వయసు ఎంతో ఎవరూ చెప్పలేరు.

‘మళ్లీ మరిగిస్తే సరిపోతుంది కదా’ అనే వాదన ప్రతి వంటశాలలో వినిపిస్తుంది. సరిపోదు. వండిన అన్నం బయట ఉండిపోతే పెరిగే బాసిల్లస్ సీరియస్, చేతుల మీది పుండ్ల నుంచి పడే స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియాలు విడిచే విషాలు మరిగించినా పోవు. బ్యాక్టీరియా చస్తుంది, విషం మిగిలిపోతుంది. పెద్ద గుండిగల్లో వండి రాత్రంతా మూతపెట్టి వదిలేసిన మాంసం కూరల్లో క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనేది మరో రకం. దాని బీజాలు ఉడుకుని తట్టుకుని, గుండిగ నెమ్మదిగా చల్లారేటప్పుడు మొలకెత్తుతాయి. ముందురోజే వండక తప్పకపోతే 5 సెంటీమీటర్ల లోతు మించని వెడల్పాటి ట్రేలలో పరిచి, 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లోపు, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లోపు దించాలి. అంత ఫ్రిజ్ జాగా క్యాటరర్ దగ్గర లేదంటే ఆ వంటకాన్ని మెనూ నుంచి తీసేయడమే మేలు.

వంటకంలోకి గుచ్చి చూసే ప్రోబ్ థర్మామీటర్ ఒకటి కొనండి, రెండైతే ఇంకా మంచిది. ఐసు ముక్కలు నిండిన నీళ్లలో ముంచితే 0 చూపించాలి. ఒక డిగ్రీకి మించి తేడా ఉంటే సరిచేయండి లేదా మార్చండి. పాత్ర మధ్యలో గుచ్చి చూడాలి, అంచున కాదు. కోడిమాంసం లోపలి భాగం 74 డిగ్రీలు చేరాలి. దించుకున్నప్పుడు ఒకసారి, బల్లమీద పెట్టేటప్పుడు ఒకసారి, ఆపైన అరగంటకోసారి చూసి, టైమూ డిగ్రీలూ రాయండి. ‘చూశాను, బాగానే ఉంది’ అన్నది రికార్డు కాదు. ప్రోబ్‌ని ఒక వంటకం నుంచి మరోదానికి మార్చేటప్పుడు తుడవకపోతే థర్మామీటరే కల్తీకి కారణమవుతుంది.

క్యాటరర్‌ని ఎంచుకునేటప్పుడు రుచి చూడటంతో పాటు నాలుగు ప్రశ్నలు అడగండి. వంట ఎన్ని గంటలకు పూర్తవుతుంది? ఏ వ్యాన్‌లో, దేనిలో పెట్టి తెస్తారు? వడ్డించేవాళ్లు చేతులు కడుక్కునే చోటు ఎక్కడ? ఎవరికైనా విరేచనాలు, వాంతులు ఉంటే ఏం చేస్తారు? చివరి ప్రశ్నకు సరైన జవాబు ఒకటే: లక్షణాలు పూర్తిగా తగ్గి 48 గంటలు గడిచేదాకా ఆ మనిషి తిండి దగ్గరికి రాడు. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ చాలా కొద్ది కణాలతోనే అంటుకుంటుంది, చేతికి రాసే ఆల్కహాల్ జెల్ దానికి అంతగా లొంగదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది పారే నీళ్లలో కడగాల్సిందే. వడ్డించే బల్లకు పది అడుగుల్లో కుళాయి ఉన్న నీళ్ల డ్రమ్ము, సబ్బు, కాగితపు తువ్వాళ్లు, మురికినీళ్లకు బకెట్ పెట్టించండి. దూరమైతే ఎవరూ కడగరు. బల్లలు తుడిచేందుకు 5 శాతం బ్లీచ్ లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు కలిపితే 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో వంద) క్లోరిన్ వస్తుంది. వాంతి పడిన చోటికి ఇది చాలదు, లీటరుకు కనీసం 20 మిల్లీలీటర్లు, గట్టిగా కావాలంటే 100 వేసి ఐదు నిమిషాలు తడిగా వదిలేయాలి.

ఐసు కూడా తిండే. సీసాలు చల్లబరిచిన ఐసుని గ్లాసులో వేయకూడదు. గ్లాసుతో ఐసు ముంచకూడదు, పగిలిన గాజు ఐసులో కనిపించదు. గ్లాసు పగిలితే ఆ డబ్బా మొత్తం కరిగించి పారబోయాలి.

అలర్జీల విషయంలో క్యాంపస్‌లు ఇంకా బద్ధకంగానే ఉన్నాయి, ఇది మారాలి. రిజిస్ట్రేషన్ ఫారంలోనే అడగండి. పాలు, గుడ్డు, చేప, రొయ్యలు పీతల వంటివి, వేరుశనగ, జీడిపప్పు బాదం వంటి గింజలు, గోధుమ, నువ్వులు, సోయా ఇవి ఎక్కువమందికి పడనివి. ప్రతి పాత్ర ముందు పేరుతో పాటు ఇందులో ఏవి ఉన్నాయో రాసిన కార్డు ఉండాలి, గంటె ఆ పాత్రకే పరిమితం కావాలి. మంచి కార్డులు రాసి, ఒకే గంటెని అన్నిటిలో తిప్పితే కార్డు అబద్ధం చెబుతున్నట్టే. ‘ఇందులో వేరుశనగ ఉందా?’ అని అడిగితే వాలంటీర్ ఊహించి జవాబివ్వకూడదు. ‘కనుక్కుని చెబుతానండీ, అప్పటిదాకా తినకండి’ అని నేర్పండి.

ప్రతి వంటకం నుంచి 100 గ్రాములు శుభ్రమైన డబ్బాలో తీసి, పేరూ టైమూ రాసి, 72 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఎవరికైనా జబ్బు చేస్తే అసలు కారణం తేల్చడానికి ఇంతకంటే ఉపయోగపడేది లేదు.

మద్యం

ముందుగా, అవసరమా అని అడగండి. పాల్గొనేవాళ్లలో ఎక్కువమంది చట్టపరమైన వయసు లోపలివాళ్లైతే మద్యం లేకుండా నడపడమే సరైన నిర్ణయం. వయసు ఒక్కో చోట 18, 20, 21, 25 ఇలా మారుతుంది, కొన్ని ప్రాంతాల్లో పూర్తి నిషేధమే ఉంది. మీ చోటి చట్టం, మీ యూనివర్సిటీ నియమం రెండింటిలో కఠినమైనదే వర్తిస్తుంది.

పెట్టాలనుకుంటే లెక్క గ్రాముల్లో చేయండి. మిల్లీలీటర్లను ఆల్కహాల్ శాతంతో గుణించి 100తో భాగించి, 0.789తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 5 శాతం బీరు 330 మిల్లీలీటర్లలో 13 గ్రాములు. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో 14. 40 శాతం స్పిరిట్ 30 మిల్లీలీటర్లలో తొమ్మిదిన్నర, కొలత లేకుండా చేతివాటంగా పోస్తే అదే సులువుగా 60 అయి 19 గ్రాములవుతుంది. కాలేయం గంటకు ఖర్చు చేసేది సుమారు 7 నుంచి 10 గ్రాములే. అంటే ఒక్క బీరు దిగడానికే గంటకు పైగా పడుతుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం, నిమ్మరసం ఈ వేగాన్ని పెంచవు. కొలత గ్లాసు లేని బార్‌ని అనుమతించవద్దు.

కొనుగోలు కూడా ఈ లెక్కతోనే. 200 మంది అతిథుల్లో వయసు ఉండి తాగేవాళ్లు 120 మంది అనుకుంటే, బార్ తెరిచే మూడు గంటలకు గంటకొకటి చొప్పున 360 గ్లాసులు గరిష్ఠం. అంతకంటే ఎక్కువ తెప్పించకండి. ‘మిగిలితే వాపసు ఇస్తాం’ అని రెట్టింపు తెస్తే, మిగలదు.

వయసు తనిఖీ బార్ దగ్గర కాకుండా గేటు దగ్గర పెట్టండి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డులో పుట్టిన తేదీ చూసి రెండు రంగుల రిస్ట్‌బ్యాండ్లు వేయాలి. ‘ఫలానా తేదీ లేదా అంతకుముందు పుట్టినవాళ్లకే’ అని ఆ రోజు తేదీకి లెక్కవేసి పెద్ద అక్షరాలతో అతికిస్తే వాలంటీర్లు మనసులో తీసివేతలు చేసి తడబడరు. బ్యాండ్ వదులుగా వేస్తే చేతి నుంచి చేతికి మారిపోతుంది, వాలంటీరే బిగించాలి. మద్యానికి విడిగా కూపన్లు ఇచ్చి, మనిషికి రెండో మూడో అని పరిమితం చేయడం తాగేది అదుపులో ఉంచే తేలికైన మార్గం. టికెట్‌లోనే అపరిమిత మద్యం కలిపేస్తే, కట్టిన డబ్బు రాబట్టుకోవాలని తాగేవాళ్లు తయారవుతారు.

అన్నిటికంటే కష్టమైన సమస్య గేటు బయటే మొదలవుతుంది. హాస్టల్ గదిలోనో, పార్కింగ్‌లోనో ముందే తాగి వచ్చేవాళ్లు. లోపలికి అడుగుపెట్టేటప్పుడు బాగానే కనిపిస్తారు, ఎందుకంటే మద్యం రక్తంలో గరిష్ఠానికి చేరేది తాగిన 30 నుంచి 90 నిమిషాల మధ్య. వాళ్లు పడిపోయేది మీ హాల్లో. అందుకే గేటు దగ్గర కార్డు చూసేటప్పుడు ఒక్క ప్రశ్న వేసి మాట వినండి. మాట ముద్దగా వస్తుంటే, కార్డు తీయడానికి వేళ్లు సహకరించకపోతే బార్ బ్యాండ్ ఇవ్వకండి. నిలబడలేని మనిషిని మాత్రం ఒంటరిగా వెనక్కి పంపకండి. పక్కన కూర్చోబెట్టి ఎవరినైనా తోడు పెట్టండి.

పోసేవాళ్లు శిక్షణ పొందినవాళ్లు, వయసు ఉన్నవాళ్లు, తాగనివాళ్లు అయి ఉండాలి. నిర్వాహక విద్యార్థుల చేత పోయించడం తప్పు. స్నేహితుడికి వద్దని చెప్పడం ఇరవై ఏళ్ల కుర్రాడి మీద పెట్టకూడని భారం. 60 మందికి ఒకరు చొప్పున పెట్టుకోండి. ఒక్కసారికి ఒక్క గ్లాసే. జగ్గులు, పెద్ద గిన్నెలో కలిపి ఎవరికి వాళ్లు ముంచుకునే పానీయాలు, తాగుడు పందేలు వద్దే వద్దు. వాటిలో ఎవరు ఎంత తాగారో లెక్క ఉండదు. ఎనర్జీ డ్రింక్‌తో కలిపి ఇవ్వకండి. నిద్రమత్తు తెలియనివ్వదు కానీ మద్యం మత్తు అలాగే ఉంటుంది, మనిషి తాను బాగున్నానని నమ్మి ఇంకా తాగుతాడు. మద్యం లేని పానీయాలు అదే కౌంటర్ మీద, అంతే అందంగా, చల్లగా ఉండాలి. మూల బల్లమీద గోరువెచ్చని నీళ్ల సీసాలు పెట్టి ప్రత్యామ్నాయం ఉందనుకోకండి.

బార్ తెరిచే అరగంట ముందే కడుపు నింపే తిండి బయటికి రావాలి. ఉప్పు కారం చిరుతిళ్లు దాహం పెంచుతాయి, పిండిపదార్థం, మాంసకృత్తులు ఉన్నవి మద్యం ఎక్కే వేగాన్ని తగ్గిస్తాయి. భోజనం ఆలస్యమైతే బార్ కూడా అంతే ఆలస్యం కావాలి. ఈ ముడి విప్పకండి, ఎవరు అడిగినా.

అతిథులను మనసులో మూడు రంగులుగా చూడటం సర్వర్లకు నేర్పించండి. ఆకుపచ్చ: మామూలుగా ఉన్నారు. పసుపు: గొంతు పెరిగింది, పదేపదే అదే మాట, డబ్బులు లెక్కపెట్టడంలో తడబాటు. అప్పుడు నీళ్లు, తిండి ముందు పెట్టి నెమ్మదించాలి. ఎరుపు: తూలడం, నాలుక మడతపడటం. ఇక ఇవ్వకూడదు. పసుపు దగ్గరే ఆగితే ఎరుపుదాకా రాదు, శిక్షణంతా దాని మీదే పెట్టాలి. నిరాకరించేటప్పుడు ‘మీరు తాగి ఉన్నారు’ అంటే గొడవ ఖాయం. ‘ఇప్పుడింక నేను ఇవ్వలేనండీ, రూల్ అది. నీళ్లు తెస్తాను, కాసేపు కూర్చోండి’ అని మెల్లగా, స్నేహితుల ముందు చిన్నబుచ్చకుండా చెప్పాలి. ఆ తర్వాత మిగతా సర్వర్లకు వెంటనే సైగ చేయాలి.

బయటి సీసా ఏదీ లోపలికి రాకూడదు, సీలు తీసి ఉన్నది అసలు వద్దు. ఊరూపేరూ లేని సారాలో మిథనాల్ ఉండే ప్రమాదం ఉంది. దాని విషం చాలాసార్లు 12 నుంచి 24 గంటల తర్వాత గానీ బయటపడదు. చూపు మసకబారడం, కళ్ల ముందు మంచు కురుస్తున్నట్టు ఉండటం కనిపిస్తే నిమిషం ఆలస్యం లేకుండా ఆసుపత్రికి. వదిలేసి వెళ్లిన గ్లాసులను పది నిమిషాలకోసారి తీసేయించండి, వాటిలో ఎవరైనా ఏదైనా కలిపే అవకాశం ఇవ్వకూడదు. రెండు గ్లాసులకే మనిషి అసాధారణంగా సోలిపోతుంటే తాగుబోతని కొట్టిపారేయకండి, వైద్య సాయం పిలవండి. కొత్తగా పరిచయమైనవాళ్లతో ‘నేను దింపేస్తా’ అని పంపకండి.

బార్ ముగింపు, కార్యక్రమం ముగియడానికి గంట ముందు. చివరి గ్లాసు అని మైకులో ప్రకటించకండి, జనం ఒక్కసారిగా ఎగబడి తలా రెండు తీసుకుంటారు. నిశ్శబ్దంగా మూసి, అదే చోట వేడి పానీయాలు, తీపి పెట్టండి. ఆ గంటలో మత్తు దిగిపోదు, పై లెక్క చూశారుగా. అందుకని బస్సులు గానీ, ముందే మాట్లాడుకున్న కార్లు గానీ గేటు దగ్గర సిద్ధంగా ఉండాలి.

ఎవరైనా పడిపోతే

‘నిద్రపోతున్నాడు, పడుకోనీ’ అన్న మాటే ప్రాణం తీసేది. గట్టిగా పిలిచి, భుజం తట్టినా లేవకపోవడం, నిద్రలో వాంతి, నిమిషానికి 8 కంటే తక్కువ శ్వాసలు, రెండు శ్వాసల మధ్య 10 సెకన్ల ఖాళీ, చర్మం చల్లగా నీలంగా మారడం, మూర్ఛ వీటిలో ఒక్కటి కనిపించినా అంబులెన్స్. పక్కకు తిప్పి, పై కాలు మోకాలు మడిచి, నోరు కిందికి ఉండేలా పెట్టండి. వాంతి చేయించకండి, కాఫీ తాగించకండి, ఒంటరిగా వదలకండి. తాగిన మద్యం కడుపులో ఉన్నంతసేపూ మత్తు పెరుగుతూనే ఉంటుంది. శ్వాస ఆగితే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున ఛాతీ నొక్కుతూ, ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే చిన్న యంత్రం) తెప్పించండి. సాయం పిలిచిన విద్యార్థి మీద చర్య ఉండదని యూనివర్సిటీ చేత ముందే ప్రకటింపజేయండి. శిక్షకు భయపడి ఫోన్ చేయని నిమిషాలే అత్యంత ఖరీదైనవి.

తిన్న వెంటనే పెదాలు వాచి, గొంతు బిగుసుకుని, ఒళ్లంతా దద్దుర్లు వస్తే అది తీవ్రమైన అలర్జీ. ఆ మనిషి దగ్గరున్న ఆడ్రినలిన్ ఇంజెక్షన్‌ని తొడ బయటి వైపు మధ్యలో ఇవ్వాలి. ఐదు నిమిషాలకు తగ్గకపోతే, రెండోది ఉంటే ఇవ్వాలి. పడుకోబెట్టండి, ఊపిరి ఆడకపోతే కాళ్లు చాపి కూర్చోబెట్టండి, నడిపించకండి. అలర్జీ మాత్ర దీనికి బదులు కాదు.

ఒకే రోజు పలువురికి కడుపు చెడితే, మొదటి లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో ఒక్కొక్కరినీ అడిగి రాయండి. అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులైతే అన్నంలోనో, వడ్డించిన చేతుల్లోనో తయారైన విషాన్ని అనుమానించాలి. 6 నుంచి 24 గంటల్లో కడుపునొప్పి, విరేచనాలైతే నెమ్మదిగా చల్లారిన గుండిగను. 12 నుంచి 48 గంటల్లో వాంతులు, విరేచనాలు రెండూ ఒకరి నుంచి ఒకరికి పాకుతుంటే నోరోవైరస్‌ని. దాచిన డబ్బాలు, ఉష్ణోగ్రతల పట్టిక అప్పుడు ఆరోగ్య అధికారులకు ఇవ్వండి.

ఆరుబయట ఈవెంట్ అయితే మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల లోపు వస్తే అందర్నీ పక్కా భవనంలోకి పంపి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. టెంట్ ఆశ్రయం కాదు. ఈ విరామంలో బార్ మూసి ఉండాలి, తిండి గడియారం మాత్రం ఆగదు. తిరిగి వచ్చాక ముందు థర్మామీటర్ గుచ్చి, ఆ తర్వాతే మూతలు తీయండి.

హాలు ఖాళీ అయ్యాక మిగిలిన సీసాలను కొనుగోలు పట్టికతో, వాడిన కూపన్లతో సరిచూసి తాళం వేయండి. తేడా వస్తే ఆ రాత్రే అడగాలి, మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. బల్లమీద ఉన్న తిండిని ఎవరికీ కట్టి ఇవ్వకండి. 60 డిగ్రీల పైన ఉన్న, ఎవరూ తెరవని పాత్రలు మాత్రమే పంచవచ్చు, అది కూడా రెండు గంటల్లోపు తినేలా. చివరి గదులు, మరుగుదొడ్లు, వేదిక వెనక, పార్కింగ్ ఒక్కొక్కటీ తలుపు తెరిచి చూసి, ఎవరూ పడుకుని లేరని నిర్ధారించుకున్నాకే దీపాలు ఆర్పండి.